వంకర మడమ బందూకు

గాండీవము పలువురు దేవతల చేతులు మారి, కడకు వరుణుని యొద్దనుండి అర్జునునకు వచ్చెనని భారతము చెప్పుచున్నది. ఆయుధమునకు వంశవృక్షము చెప్పుట మన కవుల కలవాటు. ఇచ్చోడలోని మా యింట నున్న జోడుగొట్టముల బందూకునకును అట్టి వృక్షమొకటి కలదు. కాని అది మిక్కిలి పొట్టిది. లైసెన్సు కాగితములలో మొదట మా వారి తాతగారి పేరు, పిదప మా మామగారి పేరు, అంతే. దానిని గూర్చి ఇంట చెప్పుకొను కథయు పొట్టిదే. తాతగారు గొప్ప గురికాడనియు, జొన్నచేలపై బడు అడవిపందులు ఆయన బందూకు చప్పుడు విన్నంతనే కడెము వాగు దాటి పారిపోయెడివనియు చెప్పుదురు. మేము కాపురమునకు వచ్చిన నాటినుండి ఈ రెండు మాటలే వినుచుంటిమి.

గత సంవత్సరము మా మామగారు కాలధర్మము నొందిరి. లైసెన్సు గలవారు పోయిన పిమ్మట ఆయుధమును ఊరకే ఇంట నుంచుకొనరాదు. 1959వ సంవత్సరపు ఆయుధ చట్టము ననుసరించి దానిని ఆలస్యము లేకుండ ఠాణాయందు గాని, లైసెన్సు గల వర్తకుని యొద్ద గాని ఒప్పగింపవలెను. పిదప వారసులు తమ పేర లైసెన్సు కోరవచ్చును, లేదా అమ్మివేయవచ్చును. ఈ సంగతి తెలియక దుఃఖములో దినములు గడపు ఇండ్లు కొన్ని యుండును గావున సోదరీమణుల కొరకు ముందుగా వ్రాసితిమి.

మా వారు బడిపంతులు. బందూకుతో ఆయనకు గాని మాకు గాని పనిలేదు. అమ్మినచో వచ్చు సొమ్ముతో వంటయింటి కప్పు వేయింపవలెనని మా తలంపు. వాన పడిన దినమున మేము పొయ్యి చెంత గొడుగు పట్టుకొని వండుచున్నామన్నచో అతిశయోక్తి గాదు. కర్మకాండ ముగిసిన మరునాడే మా వారు ఫోనుతో బందూకు చిత్రములు తీసి, పట్టణమునందలి దుకాణదారునకు పంపిరి. ఆయన సమాధానము సాయంకాలమునకు వచ్చెను. ఎవరో దీనిని పాడుచేసినారనియు, మడమ వంకర పోయినదనియు, దానిని కాచి సరిచేయించినగాని కొనువారు రారనియు, ఎడమగొట్టమున నేదియో యిరికించినట్లున్నదనియు ఆయన వ్రాసెను. మా వారి ముఖము చిన్నబోయెను. సర్కారు కొలువులో నున్నవారు. ఆయుధమున చట్టవిరుద్ధమైన మార్పు లెవరైన చేసియుండిరేమోయని ఆయన భయము. మాకు మాత్రము వంటయింటి కప్పు తోచెను.

ఆ రాత్రి గొట్టములను విడదీసి, తూటాలు లేవని రెండుమార్లు చూచి, దానిని హాలులో చాపమీద పరచితిమి. అత్తగారు స్తంభమున కానుకొని కందులలో రాళ్ళేరుచుండిరి.

మొదట గొట్టముల సంగతి. పైనలుపు పోయినచోట ఇనుముమీద అలలవంటి చారలు కనబడినవి. త్రాచు కుబుసమువలె నున్నదని అత్తగారనిరి. మా వారికి ఉత్సాహము కలిగెను. ఏలయన నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఒకప్పుడు లోకప్రసిద్ధి గాంచిన ఉక్కునకు పుట్టినిల్లు. మట్టిమూసలలో ఇనుమును కరగించి చేసిన ఆ ఉక్కును కొనుటకై 19వ శతాబ్దపు తొలిదినములలో ఇస్ఫహాను వర్తకులు కూడ వచ్చుచుండిరి. డమస్కసు కత్తులకు పేరు తెచ్చిన దట్టి ఉక్కే. అయితే తుపాకిగొట్టపు చారలు వేరు, ఆ కత్తుల చారలు వేరు. కత్తియందు చారలు ఉక్కు చల్లారునప్పుడు దానంతట నది పుట్టించుకొనునవి. గొట్టమునందలివి మనము జడ యల్లినట్లు మనుష్యులు చేసినవి: ఇనుపబద్దలను, ఉక్కుబద్దలను పేర్చి మెలిపెట్టి, కడ్డీకి చుట్టి, కాల్చి సమ్మెటతో అతుకుదురు. రెంటికిని డమస్కసు పేరే పెట్టుటచే నీ చిక్కు వచ్చినది. మా బందూకు క్రిందిభాగమున గ్రుడ్డు ఆకారపు గీత, అందులో ఇ, ఎల్, జి యను అక్షరములు, నక్షత్రము, పైన కిరీటము కలవు. అది బెల్జియము దేశపు లీజ్ నగరమున గొట్టమును అధికముగ మందు కూరి ప్రేల్చి పరీక్షించి వేసిన ముద్ర. ఆ కిరీటము 1893 మొదలు చేరినది. కావున మా బందూకు అంతకు ముందరిది గాదు. ఇట్టి మెలిగొట్టములు నల్లమందు కాలమునకై చేసినవి. ఇప్పటి పొగరాని మందు తూటాలను వానియందు పెట్టుట ప్రాణాపాయము. ఏ యింటనైన తాతలనాటి తుపాకి యున్నచో పిల్లలకీ మాట చెప్పవలెను.

ఇక చట్టభయము. దానిని మేము రవికలు కుట్టు టేపుతో తీర్చితిమి. లైసెన్సు లేక గొట్టమును కురచచేయుట నేరము. ఆత్మరక్షణకును క్రీడకును ఇచ్చు నున్నగొట్టపు తుపాకికి గొట్టము 20 అంగుళములకు తక్కువ యుండరాదు. మావి కొలువగా 28 అంగుళము లున్నవి. గొట్టపు మూతి దగ్గర ఆకురాయి జాడ లేదు. మా వారు దీర్ఘముగ నిట్టూర్చి మంచినీళ్ళు త్రాగిరి.

కాని కట్టెభాగమును చూచినకొలది వింతలు పెరుగుచుండెను. ముందుమీట నుండి మడమ చివరివరకు కొలువగా 12 అంగుళములు మాత్రమే. సాధారణముగ పురుషులకు 14 అంగుళములు దాటి యుండునట. ఎవరో రంపముతో కోసి, కోసినచోట మేకతోలు మడతలు పెట్టి చిన్నచిన్న మేకులు కొట్టిరి. ముందుచివర గురిచూచు పూస పోయి, దాని స్థానమున గవ్వముక్క నరగదీసి అతికించిరి. గొట్టముల క్రింద ఇత్తడి పట్టా యొకటి రెండు మరలతో బిగించి యున్నది. అందులో మూడు సెల్లుల టార్చి సరిగా పట్టును. ఎడమగొట్టములోని అడ్డము తుప్పు గాదు, చెత్త గాదు; గొట్టములో గొట్టము. లాగగా చేతికి వచ్చెను. బందూకు పన్నెండు నంబరుది. అనగా ఒక పౌను సీసమును పన్నెండు సమానమైన గుండ్లుగా పోసినచో ఒక్కొక్క గుండు ఆ గొట్టమున సరిగా పట్టునని యర్థము. లోపల పెట్టిన గొట్టము మాత్రము వ్రేలికంటె సన్నని ఫోర్ టెన్ తూటాకు తగినది. ఇంతటి తుపాకిలో అంతటి చిన్నతూటా నెవరు కోరుదురు? ఖర్చు తగ్గించుటకని మా వారనిరి. తాతగారి దానధర్మములను గూర్చి విన్నకథలకు ఆ పిసినారితనము పొసగలేదు.

అన్నిటికంటె పెద్దచిక్కు మడమ వంపు. వెనుకనుండి చూచినచో మడమ కుడివైపునకు బాగుగ జరిగి, గొట్టములు ఎడమకు పోయినట్లుండెను. వానచెమ్మకు కట్టె వంగినదని మా వారి వాదము. కాని చెమ్మకు వంగిన కట్టె మెలితిరుగును, పగులును. ఇది గంటెకాడవలె నున్నగా వంగి, వంపుచోట నూనె త్రాగి నల్లబడి యున్నది. బండినుండి పడి విరిగిన దతికిరా యనిన అతుకు లేదు. తాతగారు ఎడమచేతివాటమా యని మేమడిగితిమి. కాదట, అయినను ఎడమభుజమున పెట్టువారికి మడమ ఎడమకు వంగవలెను గాని కుడికి గాదు. కుడిభుజమున పెట్టువారికి కుడివైపు కొంచెము వంపు అన్ని తుపాకులకును కలదు, కాని అది పావు అంగుళము మాత్రమే. దీనికి టేపు పెట్టి చూడగా రెండున్నర అంగుళములు దాటినది.

ఆ కొలత మాకు ఎక్కడనో తెలిసినట్లే యుండెను. క్రితమునెల మా యమ్మాయికి కండ్లజోడు వేయించినప్పుడు కండ్లడాక్టరు స్కేలుతో రెండు కనుపాపల నడుమ కొలిచి అంకె వ్రాసెను. మేము లేచి, అద్దము ముందు నిలిచి, టేపుతో మా కండ్ల నడుమ కొలుచుకొంటిమి. రెండున్నర అంగుళములకు రవంత తక్కువ. మా వారు నవ్విరి గాని మేము నవ్వలేదు. వట్టి బందూకును తెచ్చి, గోడవైపు తిప్పి, మా కుడిభుజమున నానించితిమి. ఆశ్చర్యము! అది మా కొలతకే కుట్టిన రవికవలె భుజమున కుదిరెను. అయితే కుడికంటికి గొట్టములే కనబడలేదు. కుడికన్ను మూయగా ఎడమకంటి యెదుట రెండు గొట్టముల నడిమి గాడి, దాని చివర తెల్లని గవ్వముక్క, గీత గీసినట్లు నిలిచినవి.

ద్రోణుడు శిష్యులను చెట్టుక్రింద నిలిపి, పక్షిని చూపి, ఏమేమి కనబడుచున్నదని యడిగెను. ఏ కంటితో చూచుచున్నావని యడుగవలసిన పని ఆయనకు పడలేదు. ఇంగ్లండు తుపాకి పనివారికి పడినది. కుడికన్ను పోయియు కుడిభుజమునుండియే కాల్చువారికొరకు వారు మడమను ఇట్లు ప్రక్కకు వంచి చేయుదురు. దానిని క్రాస్ ఐడ్ స్టాక్ అందురు. మా బందూకును వంచినవాడు ఆ పేరు విని యుండడు. అయినను పని యదియే. పొట్టిచేతులు గలిగి, కుడికన్ను లేక, రాత్రివేళ టార్చివెలుగున కాల్చిన యొక మనిషికొరకు దీని నంతయు మార్చిరని మేము చెప్పితిమి. తాతగారు ఆరడుగుల మనిషి. గోడమీది చిత్రపటమున ఆయన రెండుకండ్లు చక్కగా నున్నవి.

అత్తగారి చేతిలోని చేట ఆగిపోయెను. కొంతసేపటికి మా వారివైపు చూచి, "మీ నాయనమ్మ పక్కన ఎప్పుడు ఏ దిక్కు కూసునేటోనివి?" అని యడిగిరి.

"ఎడమదిక్కు," అని ఆయన వెంటనే చెప్పి, చెప్పిన పిమ్మట నిశ్చేష్టులైరి. కుడివైపు కూర్చున్నచో ఆమెకు కనబడడని చిన్ననాడే యెరిగిన సంగతి. "ఆమె కుడికంట్ల పువ్వుండె. చిన్నప్పుడు అమ్మవారు పోసి పోయిన కన్ను," అని అత్తగారు మా కొరకు చెప్పిరి. మన దేశమున మశూచి 1975తో అంతరించినది. అంతవరకు ప్రాణము దీసినది దీయగా, మిగిలినవారిలో నెందరికో కండ్లలో పువ్వులు వేసి విడిచెను.

అవ్వగారు నాలుగున్నర అడుగుల మనిషి. ఆమె పోయి ముప్పదియేండ్లు కావచ్చినది, మేము చూడలేదు. చేనికాపునకు మంచెమీదికి ఆమెయు పోవుచుండెడిదని మాత్రము వినియుంటిమి, భర్తకు సద్ది మోసికొని పోవుటకని యనుకొంటిమి.

"మరి తాత?" అని మా వారడిగిరి.

అత్తగారు కందుల చేటను ప్రక్కన బెట్టిరి. "మీ తాతకు పొద్దుగూకితే కండ్లు కనపడకపోయేటివి. రేచీకటి. ఆయన పోలీసు పటేలు. రాత్రి కండ్లు కనపడని పటేలుకు పటేలుగిరి ఉంటదా? దాయాదులు కాసుకొని ఉండిరి. అందుకని బందూకు ఆయన భుజాన ఏసుకొని పొద్దుండంగనే చేనుకు పోయేటోడు, ఎనుక ఈమె పోయేది. మంచె ఎక్కినంక బందూకు ఈమెకు ఇచ్చేటోడు. తెల్లారి మళ్ళ ఆయన భుజాననే ఊర్లెకు వచ్చేది. నా కొడుకు బతికున్నన్ని దినాలు ఈ మాట ఎవ్వరికి చెప్పద్దని నాతోని ఒట్టు పెట్టించుకున్నది. ఇప్పుడు ఆ ఒట్టు తీరింది."

నిజాము కాలమునుండి పోలీసు పటేలు పదవి వంశపారంపర్యముగ వచ్చునది. ఊరి కాపలా అతని పూచీ. 1980ల నాటి వరకు ఆ పదవులు నిలిచినవి. ఆ భయము నేటివారికి చిన్నదిగా తోచవచ్చును గాని ఆ యింటికి అన్నము దానివలననే వచ్చుచుండెను. మా యింట మునగాకు కూర వారమునకు రెండుమార్లు తప్పకుండుట ఎందులకో ఇన్నాళ్ళు మా కర్థము కాలేదు. అవ్వగారు ఆ నియమము పెట్టిరట. ఆకుకూరలయందలి ఏ విటమిను లోపించినచో రేచీకటి కలుగునని వైద్యులు చెప్పుదురు. ఆమె వైద్యుల నడుగకయే పట్టుకొన్నది. తాతగారికది కుదురలేదు, కొందరికి పుట్టుకతో వచ్చు రేచీకటి యుండును, దానికి కూర లేమియు చేయలేవు.

పిదప ఒక్కొక్క చిక్కు దానంతట నది విడివడెను. మడమను కోసి, అవిసెనూనె కాచి, గుడ్డ తడిపి చుట్టి, కొయ్యల నడుమ బిగించి వంచినవాడు ఊరి వడ్లాయన. ఎడమభుజమునకు మార్చుకొనరాదా యని మా వారు సందేహించిరి. కొడవలి పట్టి యలవాటైన కుడిచేయి మీటను వదలదనియు, టార్చి గుండీ ఎడమబొటనవ్రేలి క్రింద నుండవలెననియు అత్తగారు చెప్పిరి. గవ్వముక్క వెన్నెలలో మెరయుట కొరకు. చిన్నతూటా గొట్టము ఖర్చునకై కాదు. పన్నెండు నంబరు తూటా దెబ్బకు అంత చిన్న మనిషి భుజము కమలిపోవును. తెల్లవారి దంచవలసినదియు, విసరవలసినదియు ఆ భుజముతోనే గదా! వెనుకమీట నొక్కినచో ఎడమగొట్టము ప్రేలును, చప్పుడగును, పందులు పోవును. "చప్పుడు చాలు, దాని ఎనుక పిల్లలుంటయి" అని ఆమె యనుచుండెడిదట. కుడిగొట్టమున మాత్రము పెద్దతూటా ఎల్లప్పుడు సిద్ధముగ నుండెడిది. అది ఎన్నిమార్లు ప్రేలెనో ఆమె ఎన్నడును చెప్పలేదు.

పోతనగారి భాగవతమున సత్యభామ నరకునిపై విల్లెత్తిన ఘట్టమును మా తండ్రిగారు మాకు చిన్ననాడు కంఠస్థము చేయించిరి. ఆమె యుద్ధమును దేవతలందరు చూచిరి. మంచెమీది యుద్ధమును రేచీకటి గల భర్త ప్రక్కన కూర్చుండి చప్పుడు మాత్రము వినెను. రాత్రులు వారేమి మాటలాడుకొనిరో యని మాకు పదేపదే తోచుచున్నది.

అవ్వగారు బందూకును చేత బట్టిన కడపటి దినము అత్తగారికి జ్ఞాపకము. 1981 ఏప్రిలు 20న మాకు చేరువనున్న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిరి. సర్కారు లెక్కకే 13 మంది చనిపోయిరి. అంతకు మించి చాలమంది యని ఊరూర చెప్పుకొనిరి. మా చేలలో కూలికి వచ్చు గూడెపువారికి అందులో బంధువు లుండిరి. ఆ సాయంకాలము అవ్వగారు టార్చి నూడదీసి, బందూకును గోనెసంచిలో చుట్టి, అటకమీద పెట్టించిరి. "ఇగ దీని చప్పుడు ఈ ఇంట్ల వద్దు," అనిరట. పిమ్మట దానికి దసరానాడు కుంకుమబొట్టు పెట్టుట, ఎన్నికలు వచ్చినప్పుడెల్ల ఠాణాలో అప్పగించి తెచ్చుకొనుట మామగారి వంతయ్యెను.

ఈ మాటలైన పిమ్మట మడమను సరిచేయించుట యెట్లు? మరునాడు దుకాణమున మేము ముగ్గురము నిలిచితిమి. దుకాణదారుడు మర్యాదస్థుడు. నూనె కాచి వంచినదానిని నూనె కాచియే నిటారు చేయవచ్చుననియు, లేదా క్రొత్తమడమ వేయవచ్చుననియు, పాతబందూకులపై మోజుగల వారొకరు చూచి పోవుదురనియు చెప్పి, ధర చెప్పెను. అది వంటయింటి కప్పునకు సరిపోవు ధర. పైన కొంత మిగులును గూడ. మా వారు మావైపు చూచిరి. మేము అత్తగారివైపు చూచితిమి. ఆ యింట వాన కారునది మా తలపై గాని ఆమె తలపై గాదు. ఆమెయు ఆ మాట తలంచినట్లున్నది. "నువ్వు చెప్పు పిల్లా, కప్పు నీది," అనిరి.

మడమను ముట్టవద్దని మేము చెప్పితిమి.

అంతట అత్తగారు తమ పేర వారసురాలిగా లైసెన్సు కోరుచు దరఖాస్తు పెట్టెదననిరి. అది మేమెవ్వరమును తలంపనిది. దానికి వైద్యుని ధ్రువపత్రము కావలెను. ఆమెకు రెండుకండ్లకు శుక్లముల శస్త్రచికిత్స అయినది. చూపు బాగుగనే యున్నది. ఏ కంటితో గురి చూచెదవని వైద్యుడడిగిన ఏమి చెప్పవలెనని దారిలో ఆమె మమ్మడిగి తామే నవ్వుకొనిరి. దరఖాస్తు తేలువరకు బందూకు దుకాణమునందే భద్రముగ నుండును. నెలనెల కొంత రుసుము. ఈ కథను వ్రాయుదుమా యని యడుగగా, పేర్లు వద్దు, తక్కినది వ్రాయుమనిరి.

దుకాణదారుడు రశీదు వ్రాయుచు గొట్టముల పొడవు, నంబరు, ముద్ర వ్రాసి, లోపములు అను గడిలో "మడమ వంకర" అని చేర్చెను. అత్తగారు వంగి చదివి, ఆ గడిలో వద్దని, దానిని కొట్టివేయించి, పైన ఆనవాళ్ళు అను గడిలో వ్రాయించిరి. రుసుము చెల్లించి మధ్యాహ్నపు బస్సు ఎక్కితిమి. ఇచ్చోడ చేరునప్పటికి వాన మొదలయ్యెను.